ఆచార్య నాగార్జునుని చరిత్రము

నల్లగొండ మండలమునకు దక్షిణపుటెల్లయైన కృష్ణానదిమీఁద, నందికొండయొద్ద, 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన ఒక ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. ఆ జలాశయమున ఇక్ష్వాకురాజుల రాజధానియైన విజయపురియు, దాని చుట్టునున్న బౌద్ధవిహారములును మునిఁగిపోయినవి. నీటినడుమ ఒక కొండశిఖరము మాత్రము మిగిలినది. ఆ కొండకును ఆ జలాశయమునకును గూడ ఒక సన్న్యాసి పేరే నిలిచినది. తమ పొలములకు వచ్చు కాలువనీటిని ఆ పేరుతోనే పిలుచు మన మండలవాసులలో, ఆ పేరుగల మనుష్యుఁడేమి చేసెనని యడిగినచో చెప్పఁగలవారు కొద్దిమందియే. సన్న్యాసి యనిన మనకు రెండే యభిప్రాయములు: పాదములకు మ్రొక్కఁదగినవాఁడని కొందఱు, పరుల కష్టార్జితము తిని కూర్చుండువాఁడని కొందఱు. నాగార్జునుని చరిత్రమును విచారించినచో ఈ రెండును చాలవని తోఁచును.

సాక్ష్యము విషయమై మొదటనే ఒక మాట చెప్పుట మంచిది. న్యాయస్థానములలో దినములు గడుపు నావంటివానిని, ఎవరు చూచిరి, ఎవరు వినిరి యను ప్రశ్న యెచటను వదలదు. విజయపురిలో దొరకిన ఇక్ష్వాకుల శాసనములలో ఈ యాచార్యుని పేరు లేదు. ఆయన జీవితకథను చీనాభాషలో మనకందించిన కుమారజీవుఁడు క్రీ.శ. 5వ శతాబ్దారంభమువాఁడు. హ్యూయెన్‌త్సాంగు 7వ శతాబ్దమున వచ్చి, జనులు చెప్పుకొను కథలను విని వ్రాసికొనెను. ఆచార్యుఁడు జీవించినది 2, 3 శతాబ్దముల నడుమ నని పండితులలోఁ బెక్కుర యభిప్రాయము. కాఁబట్టి యీ కథలన్నియు వినికిడిసాక్ష్యములే. ఆయన గ్రంథములు మాత్రము ఆయన వాఙ్మూలములు. వానినే ప్రధానముగాఁ గొనవలెను.

కుమారజీవుని కథనము ప్రకారము నాగార్జునుఁడు దక్షిణదేశమున బ్రాహ్మణకులమునఁ బుట్టి, బాల్యముననే వేదములు నేర్చి, యౌవనమున విద్యాగర్వముచేత ముగ్గురు మిత్రులతోఁ గూడి, మనుష్యుల కగపడకుండఁ జేయు మందును సంపాదించెనఁట. ఆ మందుతో నలువురును రాజాంతఃపురమునఁ జొచ్చి స్త్రీలను జెఱచిరి. రాజభటులు నేలపై మన్ను చల్లి అడుగుజాడలు కనిపెట్టి, గాలిలోఁ గత్తులు త్రిప్పఁగా మిత్రులు ముగ్గురును మడిసిరి. నాగార్జునుఁడు రాజునకు మిక్కిలి చేరువగా, ఊపిరి బిగఁబట్టి నిలిచి బ్రతికెను. కామమే దుఃఖమునకు మూలమని యాక్షణమునఁ దెలిసికొని, ప్రాణములు దక్కినచో భిక్షువునయ్యెదనని సంకల్పించెను. మందు మాట యటుండనిండు. తమ గురువు యౌవనమునఁ జేసిన పాపమును భక్తులు దాఁచకుండుటయే ఈ కథలో నాకు నచ్చిన యంశము. మన మఠాధిపతుల చరిత్రములలో నట్టిది మిక్కిలి యరుదు.

భిక్షువైన పిమ్మట తొంబది దినములలో పిటకములన్నియు ముగించెననియు, నాగరాజు సముద్రగర్భమందలి తన భవనమునకుఁ గొనిపోయి మహాయానసూత్రముల నిచ్చెననియుఁ జెప్పుదురు. ఆయన మూలమధ్యమకకారిక 27 ప్రకరణముల గ్రంథము. ఏ వస్తువును ఇతరములతో సంబంధము లేక తనంత తానుగా నుండఁజాలదని దాని సారము. ఆయన దీనినే శూన్యత యనెను గాని, ఏమియు లేదని చెప్పలేదు. టిబెట్టు, చీనా, జపాను దేశముల పండితులు శతాబ్దములు వాదించిన యీ విషయమును ఇచట విస్తరింపను.

ఆయన చెలిమి శాతవాహనరాజుతో నని పూర్వులు చెప్పుదురు. ఆ రాజునకు వ్రాసిన లేఖ సుహృల్లేఖ. 7వ శతాబ్దమున వచ్చిన ఇత్సింగు కాలమునఁ గూడ హిందూదేశపు విద్యార్థులు చదువు మొదలుపెట్టినప్పుడే దానిని కంఠస్థము చేయుచుండిరి. రత్నావళి యంతకంటెఁ బెద్దది. ఇంచుమించు 500 శ్లోకముల రాజోపదేశము. సంస్కృతమూలములోఁ గొంత నష్టమైనను, టిబెట్టుభాషలో నంతయు నిలిచినది.

అడవికిఁ బోయిన సన్న్యాసి రాజునకేమి చెప్పునని మన మనుకొందుము? వైరాగ్యమును జెప్పును, చెప్పెను గూడ. కాని యంతటితో ఆఁగలేదు. ఉపాధ్యాయుల పోషణకు భూము లిమ్మనెను. ముసలివారి, పసివారి, రోగుల బాధ తొలఁగుటకై వైద్యులకును మంగలులకును భూవసతి యేర్పఱుపు మనెను. నీరు దొరకని దారులన్నిటఁ జలిపందిళ్లు వేయించు మనెను. ఆ పందిళ్లలో నేమేమి యుంచవలెనో యొక గృహిణి వలె లెక్కపెట్టి చెప్పెను: చెప్పులు, గొడుగులు, నీరు వడకట్టు గుడ్డలు, ముల్లు తీయు పట్టుకాఱులు, సూదులు, దారము, విసనకఱ్ఱలు, త్రిఫలములు, జ్వరమునకు మందులు, నేయి, తేనె, విషమునకు విరుగుడు. కఱవుచేతఁ జెడిన కాపులకు విత్తనములును గ్రాసమును ఇచ్చి, పన్నులు తగ్గింపు మనెను. సరకు కఱవైనప్పుడు వర్తకుల లాభమును అదుపులో నుంచు మనెను. చెప్పులు లేక నల్లమలదారులలో నడచినవాఁడు గాని ముల్లుపట్టుకాఱు మాట తలఁపఁడు.

చెఱసాలలనుగూర్చిన భాగమును నే నెన్నిమాఱులు చదివితినో చెప్పలేను. న్యాయముగా శిక్షింపఁబడిన వానియెడలఁ గూడ రాజు దయతో నుండవలెను. ఘోరహత్యలు చేసినవాఁడు మఱింత దయకుఁ బాత్రుఁడు. బలహీనులైన బందీలను ఒకనాఁటికో, అయిదునాళ్లకో విడువవలెను. మిగిలినవారి నెన్నఁటికిని విడువనని తలఁపరాదు. ఉన్నంతకాలము వారికి క్షురకర్మ, స్నానము, అన్నపానములు, మందులు, వస్త్రములు అమరవలెను. దుష్టసంతానమును బాగుచేయఁగోరు తండ్రివలె శిక్షింపవలెనే గాని, ద్వేషముచేతఁ గాని ధనాశచేతఁ గాని శిక్షింపరాదు. హంతకుల నైనను చంపక, హింసింపక, దేశమునుండి వెడలఁగొట్టవలెను. 18వ శతాబ్దమున, 1764లో, ఇటలీదేశపు బెక్కారియా మరణదండనమును ఖండించినప్పుడు ఐరోపా యాశ్చర్యపడినది. మన కృష్ణాతీరపు రాజున కొక భిక్షువు దానిని 1500 ఏండ్లకు ముందే యుపదేశించినట్లు మన న్యాయకళాశాలలో మాకెవరును జెప్పలేదు.

ఆ రాజును రాజ్యము వదలి కాషాయము కట్టుమని యాయన తొందరపెట్టలేదు. లోకము నధర్మముచేత ధర్మముగా నేలుట యసాధ్యమైనప్పుడు మాత్రమే సన్న్యాసము తగునని చెప్పెను. ఆయన దృష్టిలో మఠము రాజ్యమునకు శత్రువు కాదు, శరణమును గాదు. రాజుతో నిర్భయముగా మాటలాడఁగల చోటు.

ఒక దోషమును జెప్పక తప్పదు. అదే గ్రంథమున స్త్రీశరీరమును రోఁతగా వర్ణించు శ్లోకము లనేకము లున్నవి. రాజునకుఁ గామనిగ్రహము నేర్పుటకై వ్రాసినవని సమాధానము చెప్పుదురు. పురుషుని మోహమునకు స్త్రీదేహముపై నేరము మోపుట యెచటి న్యాయమో నాకు బోధపడలేదు. విజయపురిలోని విహారములను నిలిపినది స్త్రీల ధనమే. మహాచైత్యమును వీరపురుషదత్తుని 6వ పాలనవత్సరమునఁ బూర్తిచేయించినది ఆ రాజునకు మేనత్తయగు శాంతిశ్రీ. సింహళభిక్షువుల కొఱకు చైత్యగృహము కట్టించినది బోధిశ్రీ యను ఉపాసిక. ఆ తావు శ్రీపర్వతమని తెలుపునది యామె శాసనమే. ఉత్తరతీరమునఁ గూడ నంతియే: రామన్నపేట ప్రాంతమందలి తుమ్మలగూడెమున దొరకిన రాగిరేకులు, విష్ణుకుండి గోవిందవర్మ రాణియగు పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారమును దెలుపుచున్నవి. శకవర్షము 488లో, అనఁగా 566లో, ఆ విహారమునకు మరల నొక గ్రామము దానమిచ్చిరి. పూర్వము నల్లగొండలోను నేఁడు సూర్యాపేటజిల్లాలోను నున్న ఫణిగిరిలో ధర్మచక్రస్తంభమును నిలిపినవాఁడు ఇక్ష్వాకురాజు రుద్రపురుషదత్తుని ప్రధానవైద్యుఁడు. ఆచార్యుని మాట విని వైద్యులు భిక్షువులను బోషించిరో, భిక్షువులే వైద్యులను బోషించిరో, ఆ కొండపై రెండును జరిగియుండవచ్చును.

ఆచార్యుని తుదిదినములు శ్రీపర్వతమునఁ గడచెనని టిబెట్టువారి సంప్రదాయము. హ్యూయెన్‌త్సాంగు విన్న కథ వేఱు. ఆచార్యుఁడు జీవించినంతకాలము రాజునకు మరణము లేదని తల్లి చెప్పఁగా, సింహాసనమునకుఁ దొందరపడిన రాజకుమారుఁడు వచ్చి ఆచార్యుని శిరస్సు యాచించెను. అడిగినదానిని లేదనుట తన వ్రతము కాదని, ఆయన యెండిన గడ్డిపరకతోఁ దన మెడ నఱకికొనెనఁట. ఆ వార్త విని రాజును మరణించెను.

ఆ రాజు ఆచార్యునికై కొండను దొలిపించి యైదంతస్తుల విహారమును గట్టించెనని యా యాత్రికుఁడే వ్రాసెను. తరువాతి కాలమున అందలి భిక్షువులలోఁ గలహములు పుట్టి, తీర్పునకై రాజసభ కెక్కిరి. ఆ సందు చూచి పరులు విహారమును నాశనము చేసి, ఆక్రమించి, భిక్షువులు మరల రాకుండ దారి మూసివేసిరి. అటుతరువాత లోపలివారికి రోగము వచ్చి వైద్యుని పిలిపించినప్పుడు, దారి తెలియకుండుటకై, పోవునప్పుడును వచ్చునప్పుడును ఆతని ముఖమునకు గుడ్డ కప్పి నడిపించుచుండిరఁట.