రక్తబిందువుతో ప్రాణమును తూచిన వైద్యుడు: సర్ లియొనార్డ్ రోజర్స్

వీరపునాయునిపల్లె, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలో పెరిగిన మనకు నీటి విలువ మరొకరు చెప్పనక్కరలేదు. అయితే చావుబ్రతుకుల నడుమ నున్న రోగి సిరలలోనికి ఎంత నీరు ఎక్కించవలెనన్నది వైద్యులకు సైతము కఠిన సమస్యయే. తక్కువైన రక్తప్రసరణ ఆగును. ఎక్కువైన ఊపిరితిత్తులు నీటితో నిండును. ఈ సమస్యతో పోరాడిన సర్ లియొనార్డ్ రోజర్స్ జీవితమును మా తోటి విద్యార్థులకు పరిచయము చేయదలచితిమి.

రోజర్స్ 1868 జనవరి 18న ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో జన్మించెను. లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్యవిద్య నభ్యసించి, 1893లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. తరువాత కలకత్తా వైద్య కళాశాలలో రోగనిదాన శాస్త్రాచార్యుడై 1920 వరకు భారతదేశమున పనిచేసెను.

ఆ రోజులలో కలరా సోకి ఆసుపత్రి చేరిన వారిలో నూటికి సుమారు 60 మంది మరణించుచుండిరి. ఉప్పునీటిని సిరలలోనికి ఎక్కించు పద్ధతి 1832లోనే స్కాట్లండులో థామస్ లాటా ఆరంభించినదే. కాని రోగి తాత్కాలికముగా తేరుకొని మరల కుప్పకూలుచుండెను. రోజర్స్ సుమారు 1908 నుండి ఉప్పు పాలు హెచ్చించిన ద్రావణమును వాడెను. అంతకన్న ముఖ్యముగా, ఎంత ఎక్కించవలెనో ఊహకు వదలక, రోగి మంచము ప్రక్కనే కొలిచెను. గ్లిజరిన్, నీరు వేర్వేరు పాళ్లలో కలిపిన చిన్న సీసాలలో రక్తబిందువును విడిచి, అది తేలునో మునుగునో చూచెడివాడు. నీరు కోల్పోయి చిక్కబడిన రక్తము బరువెక్కును. ఆ బరువును బట్టియే నష్టమును అంచనా వేసెను. మరణములు ఇంచుమించు సగమునకు తగ్గినవి. అటుపిమ్మట ద్రావణమునకు క్షారమును చేర్చగా మరికొందరు బ్రతికిరి.

కలకత్తాలోని ఉష్ణమండల వైద్య విద్యాలయము ఆయన కృషి ఫలము. జిగట విరేచనములకు ఎమెటీను చికిత్సను, కుష్ఠు నివారణోద్యమమును ముందుకు నడిపెను. 1962 సెప్టెంబరు 16న పరమపదించెను.

ఆయన వాడిన గాఢ లవణ ద్రావణమును తరువాతి వైద్యులు విడిచిపెట్టిరి. కాని కొలిచి ఎక్కించవలెనన్న సూత్రము నిలిచినది. నేడు రోగి ప్రక్కకే అల్ట్రాసౌండ్ యంత్రమును తెచ్చి, గుండె సంకోచమును, శ్వాసతో పాటు పెద్దసిర ముడుచుకొను తీరును, ఊపిరితిత్తులలో చేరు నీటి చారలను చూచుచున్నారు. ఆ చిత్రమొక్కటే చాలదు. నాడి, రక్తపోటు, మూత్ర పరిమాణములతో కలిపి చదివినప్పుడే సెలైను ఎక్కించుటయో ఆపుటయో తేలును.

సీసా పోయి తెర వచ్చినది. ప్రశ్న మాత్రము అదియే. రేపు వైద్యవృత్తిని చేపట్టబోవు మన విద్యార్థులు, ఊహించుటకు ముందు కొలువవలెనన్న ఆ వైద్యుని నియమమును ఆదర్శముగా గైకొందురని ఆశించుచున్నాము.