రక్తపింజరి మోయుచున్న పేరు

వెలిగొండల చెంతనున్న సీతారామపురము మెట్టరైతులకు రక్తపింజరిని గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. రాత్రివేళ చేనికి కావలి యుండువారు కొలిమితిత్తి వంటి దాని బుసను ఎఱుగుదురు. కాటు పడినప్పుడు మొదట మంత్రగాని కడకును, పిమ్మట వేరుమందు ఇచ్చువాని కడకును, చేయి దాటిన తరువాత ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఉన్న ఆసుపత్రికిని పరుగెత్తుట మన పల్లెలలో నేటికిని కలదు. 2000 మొదలు 2019 వఱకు భారతదేశమున పాముకాటుచే దాదాపు 12 లక్షలమంది మరణించియుందురని 2020లో ప్రకటితమైన యొక పరిశోధన అంచనా కట్టినది. వారిలో అత్యధికులు పల్లెవారే.

ఈ సర్పమును ఆంగ్లేయులు రసెల్ పేరిట పిలుతురు. శాస్త్రజ్ఞుల లాటిను నామమునందును ఆ పేరే కలదు. ఆ రసెల్ మన విశాఖపట్టణమున వసించినవాడనియు, ఈ మందు నిజముగా పనిచేయునా యను ప్రశ్నను రెండు శతాబ్దములకు పూర్వమే తెలుగు నేలపై పరీక్షకు పెట్టినవాడనియు ఎఱిగినవారు తక్కువ.

ప్యాట్రిక్ రసెల్ 1726లో స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. వైద్యవిద్య నేర్చి, సిరియా దేశపు అలెప్పోలో వైద్యుడుగా నున్న సవతి యన్న అలెగ్జాండరును 1750లో చేరుకొని, మూడేండ్లకు ఆ స్థానమును తానే వహించెను. 1760 మొదలు 1762 వఱకు అచ్చట మహామారి చెలరేగినప్పుడు రోగుల నడుమ నిలిచి చూచినదంతయు వ్రాసికొనెను. ఆ వ్రాత 1791లో గ్రంథమైనది. కన్నులార చూడనిదే నమ్మని స్వభావము ఆతనికి ఆ నగరముననే స్థిరపడియుండునని మా యూహ.

తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ పక్షమున విశాఖపట్టణమున అధికారియై యుండగా, 1780 దశకారంభమున, ఏబదియైదేండ్లు నిండిన ప్రాయమున, రసెల్ ఇచ్చటికి వచ్చెను. 1785లో కంపెనీవారు ఆతనిని కర్ణాటక ప్రాంతమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఇది ధర్మబుద్ధితో ఏర్పరచిన కొలువు కాదు. ఏ మొక్క రంగు నిచ్చును, ఏ గింజ లాభము తెచ్చును అని లెక్క చూచుకొనుటకే ఆ వర్తకులకు శాస్త్రజ్ఞుడు కావలసివచ్చెను. అయినను కొలువిచ్చినవాని లోభము కొలువు చేసినవాని పనిని మాపివేయజాలదు. మేమీతనిని దొర యని కొనియాడబోము, వైద్యుడని తలచుకొందుము.

విషసర్పమును విషము లేని సర్పమునుండి ఎట్లు గుర్తించుట? పొలుసులు లెక్కించుట పండితునికి చెల్లును గాని చేనిలో నిలిచినవానికి చెల్లదు. సులభమైన గుర్తు కొఱకు రసెల్ వెదకెను, దొరకలేదు. ఒక్కొక్క పామును విడివిడిగా వర్ణించి, బొమ్మ వేయించి, ఈ తీరపు జనులు పిలుచు పేరును ప్రక్కన వ్రాసెను. 1796లో వెలువడిన ఆతని కోరమండల తీర సర్పముల గ్రంథమును తెఱచినచో రోమను లిపిలో మన మాటలే కనబడును. రక్తపింజరికి అందున్న పేరును కాటుకరేకులపొడ యని మేము చదువుకొనుచున్నాము. కాటుకవలె నల్లని రేకుల మచ్చలు గలదని దాని భావము. ఆ పాము వీపు చూచినవారికి, ఆ పేరు పెట్టిన తెలుగువాని కన్ను ఎంతటిదో బోధపడును. అదే గ్రంథమున బంగారుపాము కలదు. ఆ మాటనుండియే 1803లో ఫ్రెంచి పండితుడు దోదాన్ కట్లపాముల జాతికి బుంగారస్ అను పేరు కూర్చెను. నేడు ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను కట్లపామును తెలుగు మాటతోనే పిలువవలసియున్నాడు! అయితే ఆ పేర్లను పలికి, ప్రాణములకు తెగించి పాములను పట్టి తెచ్చినవారిని లోకము స్మరించుట లేదు. ఈ లోపము మమ్ము బాధించుచున్నది.

ఇక విషపరీక్షలు. కుక్కలను, కోళ్లను పాములచే కఱపించి, అందుపై పుట్టు లక్షణములను రసెల్ వ్రాసెను. ఈ జీవహింస తలచుకొనుటకు కష్టముగానే యున్నది. నాగుపాము తరువాత అంతటి ప్రాణాంతకము కాటుకరేకులపొడయే యని ఆతడు తేల్చెను. ఆ కాలమున తంజావూరు మాత్ర యని యొకటి పాముకాటునకు దివ్యౌషధముగా ప్రసిద్ధి కెక్కియుండెను. అందు పాషాణము, పాదరసము కూడ కలవు. రసెల్ దానిని పరీక్షించి, అది పనిచేయలేదని కనుగొనెను. మరి అంతటి ఖ్యాతి ఎట్లు వచ్చినది? కఱచిన ప్రతి పామును చంపునంత విషమును దించదు. ఒక్కొకప్పుడు ఏమియు దించదు. అట్టి కాటు పడి మాత్ర మ్రింగినవాడు బ్రతికినచో కీర్తి మాత్రకు దక్కును. చచ్చినవాడు సాక్ష్యము చెప్ప రాడు. నేటి మంత్రగాని పరపతియు ఇట్టిదే.

రసెల్ 1789లో స్వదేశమునకు మరలిపోయెను. 1803లో విశాఖపట్టణపు 200 చేపల గ్రంథమును ప్రకటించి, 1805 జూలై 2వ తేదీన లండనులో మరణించెను. సర్పగ్రంథపు రెండవ సంపుటము ఆతని మరణానంతరము, 1809లో గాని పూర్తి కాలేదు.

ఆ పాము కథ మాత్రము ముగియలేదు. దాని విషము రక్తములోని గడ్డకట్టు పదార్థములను రేపి, వ్యర్థముగా ఖర్చుచేసి, తుదకు గడ్డకట్టని నెత్తురును మిగుల్చును, మూత్రపిండములను చెఱచును. 1934లో ఇంగ్లండు వైద్యులు ఈ విషమునే పలుచన చేసి, నెత్తురు నిలువని రోగుల గాయములపై ఉపయోగించిరి. కాటు పడినవాని రక్తము 2 మిల్లీలీటర్లు శుభ్రమైన పొడి గాజుగొట్టములో 20 నిమిషములు కదల్పక యుంచి వంచి చూచినచో, గడ్డకట్టనిది విషమెక్కినదనుటకు గుర్తు. ఈ పరీక్షకు గొప్ప యంత్రము లక్కరలేదు. ఏ చిన్న ఆసుపత్రిలోనైనను చేయవచ్చును.

విషమునకు విఱుగుడు గుఱ్ఱముల రక్తమునుండి తీసిన సూదిమందే. దాని తయారీకి కావలసిన విషము అధికభాగము 1978లో తమిళనాడున ఏర్పడిన ఇరుళుల సహకార సంఘమునుండి వచ్చుచున్నది. ఒకే జాతి పాము విషము ప్రాంతమును బట్టి మాఱునని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. వెలిగొండల పింజరి విషమునకు ఆ మందు ఎంతవఱకు సరిపడునో ఇచ్చటి పాములను పట్టియే పరీక్షింపవలెను. విశాఖపట్టణమున ముదిమి మీదపడిన వైద్యుడొకడు కుక్కలతో, కోళ్లతో చేసిన పని అది. మన విశ్వవిద్యాలయములకు అంతకంటె మంచి సాధనములు కలవు.