కొండరెడ్ల తిండి లెక్క తెలుసుకున్న బాటసారి

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా అడవి దారి పట్టినవారికి వారపు సంతలు ఎదురవుతాయి. ఒకవైపు చింతపండు, తేనె, కుంకుడుకాయలు, కొండచీపుళ్ళు. మరోవైపు ఉప్పు, ఎండుచేపలు, మిరపకాయలు, బట్టలు. ప్రయాణంలో ఉన్న మనం అక్కడ కాసేపు ఆగుతాం. కొత్త రుచి ఏదైనా దొరికితే తింటాం, బేరమాడి నాలుగు వస్తువులు కొంటాం, మళ్ళీ బండెక్కుతాం. ఆ చింతపండు అమ్మిన తల్లి రాత్రికి తన పిల్లలకు ఏం వండిపెడుతుందని మాత్రం అడగం. ఎనభై ఏళ్ళకు పూర్వం ఈ అడవులకు వచ్చిన ఒక పరదేశి ఆ సంగతి అడిగి తెలుసుకున్నారు. ఆయనే క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. మానవశాస్త్రం చదివి 1936లో మన దేశానికి వచ్చి నాగా కొండల్లో తిరిగారు. 1939లో భార్య బెట్టీతో కలిసి రెండోసారి వచ్చేసరికి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది. దానితో బ్రిటిష్‌వారి దృష్టిలో ఆయన శత్రుదేశస్థుడయ్యారు. అయితే హైదరాబాద్ సంస్థానంలో ఉండి పరిశోధన సాగించే అవకాశం ఆయనకు దక్కింది. మొదట నల్లమల చెంచుల మధ్య గడిపారు. 1941లో పాల్వంచ సంస్థానంలోని గోదావరి కొండలకు, కొండరెడ్ల పల్లెలకు చేరుకున్నారు. నేడు మనం పాపికొండలంటున్న ఆ వరుసను ఇంగ్లీషువారు బైసన్ హిల్స్ అనేవారు.

ఏ కాలంలో ఏం పండుతుంది, అది ఎన్నాళ్ళు సరిపోతుంది, అయిపోయాక ఏం తింటారు అన్నది ఆయన శ్రద్ధగా గమనించారు. కొండరెడ్లు వేసవిలో చెట్లు నరికి కాల్చి, వానలు పడగానే కర్రతో గుంటలు చేసి జొన్న, సామ వంటి గింజలు విత్తేవారు. దీన్నే పోడు అంటారు. ఆ గింజలు ఏడాది పొడవునా చాలేవి కావు. అవి అయిపోతే అడవి దుంపలు తవ్వుకునేవారు. మామిడి టెంకల్లోని జీడిని నీళ్ళలో నానబెట్టి, వగరు పోయాక దంచి జావ కాచుకునేవారు. జీలుగు చెట్టు మానులోని గుజ్జును దంచి పిండి తీసేవారు. మనకు వింత రుచిగా కనిపించేది వారికి ఆకలి గడిచే దారి.

సంతలో అమ్ముకునే స్వేచ్ఛ కూడా వారిలో చాలామందికి ఉండేది కాదు. వెదురు, కలప వ్యాపారులు గింజలు, ఉప్పు, బట్టలు ముందుగా ఇచ్చి ఖాతాలో రాసుకునేవారు. ఆ బాకీ కింద కొండరెడ్లు వెదురు నరికి గోదావరి ఒడ్డుకు చేర్చాలి. అది నీటి మీద రాజమండ్రికి వెళ్ళేది. చదువురాని మనిషికి ఖాతాలో ఏమున్నదో తెలియదు. బాకీ ఎన్నటికీ తీరదు. తూకంలో, లెక్కలో మోసం ఎంతటి పాపమో మనకు వేరే చెప్పనవసరం లేదు.

హైమన్‌డార్ఫ్ ఈ విషయాలను పుస్తకానికే పరిమితం చేయలేదు. నిజాం ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. కొండరెడ్ల మీద ఆయన రాసిన గ్రంథం 1945లో వెలువడింది. ఆ సంవత్సరమే ప్రభుత్వం ఆయన నివేదికలను అచ్చువేయించింది, గిరిజనుల వ్యవహారాల్లో సలహాదారుగా నియమించుకున్నది. గిరిజన ప్రాంతాల రక్షణకు 1946లో నిబంధనలు వచ్చాయి. ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో అంతకుముందే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది.

ఆయన తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అయినా ఈ అడవులను మరచిపోలేదు. 1970లలో తిరిగి వచ్చి చూస్తే గిరిజనుల భూములు మళ్ళీ ఇతరుల చేతుల్లోకి పోతున్నాయి. ఆ బాధను 1982 నాటి పుస్తకంలో వివరంగా రాశారు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో, ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులున్నాయి.

ఆయన తిరిగిన గోదావరి పల్లెలు కొన్ని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, పోలవరం ముంపు ప్రాంతంలో ఉన్నాయి. సంతలు మాత్రం ఇంకా సాగుతున్నాయి. ఈసారి అటు వెళితే మనమూ ఆగుదాం, తిందాం, కొందాం. కానీ అడవి నుంచి తలమీద మోసుకొచ్చిన తేనెకు రూపాయి తగ్గించమని పట్టుబట్టే ముందు, ఆ ఇంటి పొయ్యిని ఒక్కసారి తలచుకుందాం.