ఓటమిలోనూ బంతి వదలని గులాం అహ్మద్

1950-51 రంజీ సీజన్. హోల్కర్ జట్టుతో మ్యాచ్. హైదరాబాద్ తరఫున ఆడుతున్న ఒక పొడగరి ఆఫ్ స్పిన్నర్ ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశాడు. లెక్కేస్తే 555 బంతులు. ఇచ్చిన పరుగులు 245, దక్కినవి నాలుగే వికెట్లు. ఇప్పుడు వన్డేలో ఒక బౌలర్‌కు పది ఓవర్లే గరిష్ఠం. అంటే తొమ్మిది మ్యాచ్‌ల పనికి మించి ఒక్క ఇన్నింగ్స్‌లోనే చేశాడన్నమాట. ఆయనే గులాం అహ్మద్.

1922 జులై 4న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు కూడా అదే హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి. 17 ఏళ్లకే, 1939-40లో రంజీలో అడుగుపెట్టారు. మంచి ఆరంభమే, కానీ టెస్టు పిలుపు రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1936 నుంచి 1946 దాకా భారత్ ఒక్క టెస్టూ ఆడలేదు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. టాలెంట్ ఉన్నా ఆడేందుకు వేదికే లేని రోజులవి. అయినా రంజీ బౌలింగ్ ఆపలేదు.

చివరికి 1948 డిసెంబర్ 31న కలకత్తాలో వెస్టిండీస్‌పై తొలి టెస్టు మొదలైంది. అందులో ఎవర్టన్ వీక్స్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టాడు. కొత్త బౌలర్‌కు ఇంతకన్నా కఠిన పరీక్ష ఏముంటుంది?

అప్పటి భారత జట్టు టెస్టు క్రికెట్‌కు కొత్తదే. 1932లో మొదలుపెట్టి 24 టెస్టులాడినా ఒక్కటీ గెలవలేదు. 25వ టెస్టు 1952 ఫిబ్రవరిలో మద్రాసులో ఇంగ్లండ్‌తో జరిగింది. రెండో ఇన్నింగ్స్‌లో వినూ మన్కడ్ నాలుగు, గులాం నాలుగు వికెట్లు పంచుకున్నారు. భారత్ ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో గెలిచింది. దేశానికి అదే తొలి టెస్టు విజయం.

అదే ఏడు అక్టోబర్‌లో ఢిల్లీలో పాకిస్థాన్‌పై ఇంకో ముచ్చట. పదకొండో నంబర్‌లో బ్యాట్ పట్టి 50 కొట్టారు. హేమూ అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు. ఆ భారత రికార్డు 2004లో సచిన్, జహీర్ వచ్చేదాకా చెక్కుచెదరలేదు. బ్యాటింగ్ తన పని కాదని ఊరుకోలేదు మరి!

1955 నవంబర్‌లో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో తొలి టెస్టు జరిగింది. ఇప్పుడది లాల్ బహదూర్ స్టేడియం. న్యూజిలాండ్‌తో జరిగిన ఆ మ్యాచ్‌కు భారత కెప్టెన్ గులాం అహ్మదే. సొంతూరి మైదానంలో దేశానికి సారథ్యం!

మరుసటి ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ మర్నాడే కలకత్తాలో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. గులాం తొలి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు, మొత్తం మ్యాచ్‌లో 10 వికెట్లు తీశారు. కెరీర్‌లో బెస్ట్ ప్రదర్శన అది. అయినా భారత్ 94 పరుగులతో ఓడింది. మన వంతు పని పూర్తిగా చేసినా ఫలితం మన చేతుల్లో ఉండదనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

1958-59లో వెస్టిండీస్‌పై మళ్లీ కెప్టెన్సీ వచ్చింది. కాన్పూర్‌లో 203 పరుగులతో, కలకత్తాలో ఇన్నింగ్స్ 336 పరుగులతో ఓటమి. 36 ఏళ్ల వయసులో ఆటకు సెలవు చెప్పారు. 22 టెస్టుల్లో 68 వికెట్లు, ఫస్ట్‌క్లాస్‌లో 407 వికెట్లు మిగిలాయి.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1975 నుంచి 1980 దాకా బీసీసీఐ కార్యదర్శిగా పనిచేశారు. 1983 ప్రపంచ కప్‌కు జట్టును ఎంపిక చేసిన కమిటీకి చైర్మన్ ఆయనే. గెలుపు కోసం 25 టెస్టులు ఆగిన తరం మనిషి, కప్పు గెలిచే జట్టును తయారుచేసి పంపారు. 1998 అక్టోబర్ 28న కన్నుమూశారు.

కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియంలో, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో పొద్దున్నే బంతి తిప్పే పిల్లలకే కాదు, నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు చూస్తున్నవారికీ, చిన్న కంపెనీలో పెద్ద పని మోస్తున్నవారికీ ఈ జీవితం ఒక సంగతి చెబుతుంది. బలహీనమైన జట్టులో చేసిన కష్టం వృథా కాదు. అది ఎప్పుడు ఫలిస్తుందో మాత్రం ముందుగా తెలియదు. అప్పటిదాకా మన ఓవర్ మనం వేయాల్సిందే.