అంతఃకరణ ప్రవృత్తి - ప్రమాణం : వేటూరి ప్రభాకరశాస్త్రి పరిశోధన జీవితం

మనస్సుకు తోచిన మాటను మన శాస్త్రకారులు పూర్తిగా త్రోసిపుచ్చలేదు. మనుస్మృతి ధర్మమూలాలను చెప్పేటప్పుడు వేదం, స్మృతి, సదాచారం అనే మూడింటి తరువాత ఆత్మతుష్టిని కూడ చేర్చింది. అభిజ్ఞానశాకుంతలం ప్రథమాంకంలో దుష్యంతుడు శకుంతల తనకు పరిగ్రహింప తగినదా కాదా అని సంశయించి, తన మనస్సు ఆమెవైపు మొగ్గడమే అందుకు ఆధారమని నిశ్చయించుకొంటాడు. అయితే ఆ అధికారాన్ని కాళిదాసు సజ్జనుల మనస్సుకే ఇచ్చాడు. కుమారిలభట్టు తంత్రవార్తికంలో ఆత్మతుష్టిని విచారిస్తూ ఈ కాళిదాస వాక్యాన్నే గ్రహించాడు. ప్రశస్తపాదుడు ప్రాతిభజ్ఞానానికి ఒక బాలిక మాటను ఉదాహరించాడు. రేపు తన అన్న వస్తాడని హృదయం చెబుతున్నదని ఆమె అంటుంది. జయంతభట్టు ఇట్టి జ్ఞానానికి బాధకం లేనప్పుడు ప్రామాణ్యాన్ని అంగీకరించాడు. అంటే మరునాడు అన్న రావాలి.

ధర్మవిషయంలోను, లోకవ్యవహారంలోను చెప్పిన ఈ మాట వాఙ్మయ పరిశోధనకు ఎంతవరకు వర్తిస్తుంది? తాళపత్రం శిథిలమై, గ్రంథకర్త పేరు సందిగ్ధమై, శాసనం ముక్కలైనప్పుడు పండితుడు తన స్ఫురణను నమ్మవచ్చునా? ఈ ప్రశ్నకు వేటూరి ప్రభాకరశాస్త్రిగారి జీవితం చక్కని సమాధానాన్ని ఇస్తుంది.

శాస్త్రిగారు 1888 ఫిబ్రవరి 7న కృష్ణామండలంలోని పెదకళ్లేపల్లిలో జన్మించారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులై సాహిత్యాన్ని అభ్యసించారు. అవధానాలకు, ఆశుకవిత్వానికి నిలయమైన ఆ గురుకులంలో పద్యం ముందు చెవికి పట్టుబడేది, తరువాతనే విచారణకు వచ్చేది. ఏ కవి నడక ఎట్టిదో వినగానే గుర్తించే శక్తి ఇట్టి శిక్షణవల్లనే అలవడుతుంది.

ఆ చెవికి పని కల్పించినది మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం. మెకంజీ, బ్రౌను సేకరించిన గ్రంథాలు అక్కడ చేరి ఉన్నాయి. శాస్త్రిగారు ఆ భాండాగారంలో దీర్ఘకాలం పనిచేశారు. జనశ్రుతిలోను, వ్రాతప్రతుల అంచులలోను చెదరి ఉన్న పద్యాలను చాటుపద్యమణిమంజరిగా కూర్చారు. లుప్తములైన ప్రబంధాల పద్యాలను ఏరి 1918లో ప్రబంధరత్నావళిని వెలువరించారు. 1926లో పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని విపులమైన పీఠికతో పరిష్కరించారు. భాసుని పేర ప్రసిద్ధమైన రూపకాలలో కొన్నింటిని ఆంధ్రీకరించారు. ఆ రూపకాల చరిత్రయే కర్తృనిర్ణయ సమస్యకు నిదర్శనం. అనంతశయనంలో టి. గణపతిశాస్త్రి 1912 నుండి ప్రకటించిన 13 రూపకాలలో కర్త పేరు లేదు. అవి భాసకృతాలేనన్న ఆయన నిర్ణయంపై వివాదం నేటికీ పూర్తిగా సమసిపోలేదు.

ఇట్టి సమస్యయే క్రీడాభిరామ విషయంలో శాస్త్రిగారికి ఎదురైనది. ఈ వీథిని మొదట వెలుగులోనికి తెచ్చినవారు మానవల్లి రామకృష్ణకవిగారు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. గ్రంథావతారిక వినుకొండ వల్లభరాయుని కర్తగా చెబుతున్నది. కాని ఓరుగంటి వీధులలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి సంచరిస్తూ పలికే పద్యాలలో శాస్త్రిగారికి శ్రీనాథుని కంఠమే వినిపించింది. 1923 నాటి శృంగారశ్రీనాథంలో ఆయన ఈ పక్షాన్ని సమర్థించారు. వారు కేవలం స్ఫురణను ఆశ్రయించి ఊరకుండలేదు. పదబంధాల సామ్యాన్ని, శ్రీనాథుని పేర వ్యవహారంలో ఉన్న పద్యాలను ఆధారాలుగా చూపారు. అయినను గ్రంథస్థమైన కర్తృనామం ఎదుట శైలీసామ్యం నిలువగలదా అన్న ఆక్షేపం మిగిలినది. సమకాలికులైన ఇద్దరు కవులు ఒకే ఫణితిలో వ్రాయవచ్చును. ఒకరి పద్యాలు మరొకరి కృతిలో చేరవచ్చును. సాహిత్యచరిత్రలు అనేకం నేటికీ ఈ కృతిని వల్లభరాయుని పేరనే పేర్కొంటూ శాస్త్రిగారి మతాన్ని పక్షాంతరంగా చూపుతున్నాయి.

అమరావతి స్తూపానికి చెందిన శిలాఖండంపై బ్రాహ్మీలిపిలో కనిపించే నాగబు అనే అక్షరాల కథ ఇంతకంటె ఆసక్తికరమైనది. అక్కడి శాసనాల భాష ప్రాకృతం. వాటి నడుమ ఈ మూడక్షరాలను చూచి, ఇది తెలుగు మాట అని గుర్తించినవారు శాస్త్రిగారు. నన్నయ భాషలోని ంబు అనే ప్రథమావిభక్తి ప్రత్యయానికి పూర్వరూపం వారికి ఇందులో తోచింది. అప్పటినుండి నాగబు తొలి తెలుగు పదంగా పాఠ్యగ్రంథాలకు ఎక్కింది. అయితే శిల ఖండితమైనది. అందుచేత ఇది పూర్తి పదం కాక, నాగబుద్ధి వంటి బౌద్ధనామానికి ఆరంభభాగం కావచ్చునన్న సందేహం తరువాతి పరిశోధకులలో కలిగింది. మిగిలిన శిల దొరికితే తప్ప ఏ పక్షమూ సిద్ధాంతం కాజాలదు. స్ఫురణ లేనివారికి ఆ అక్షరాలు అసలు కనిపించవు. స్ఫురణనే సిద్ధాంతంగా గ్రహించినవారు భాషాచరిత్రను సందిగ్ధమైన పునాదిపై నిలుపుతారు. ఈ రెండు ప్రమాదాలూ ఇక్కడ స్పష్టం.

తిరుమల తిరుపతి దేవస్థానాలవారు 1939లో తిరుపతిలో స్థాపించిన ప్రాచ్యపరిశోధన సంస్థలో శాస్త్రిగారి ఉత్తరజీవితం గడచింది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుండి వెలువడిన తాళ్లపాక రాగిరేకులు అప్పటికే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటివారి కృషివల్ల పండితుల దృష్టికి వచ్చి ఉన్నాయి. శాస్త్రిగారు సంకీర్తనల పరిష్కరణలో పాల్గొన్నారు. అన్నమాచార్యుని మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రను పీఠికతో ప్రకటించారు. చిన్నన్న కృతి భక్తిప్రధానం, మహిమల గాథలతో నిండినది. భక్తుడైన పాఠకుని మనస్సు దానిని సంపూర్ణంగా నమ్మగోరుతుంది, చారిత్రకుని మనస్సు సంపూర్ణంగా సందేహింపగోరుతుంది. ఈ రెండు మొగ్గులకూ కళ్లెం వేయగలిగినది రాగిరేకు. అన్నమయ్యకు 16 ఏండ్లు నిండినప్పుడు స్వామి సాక్షాత్కరించాడనీ, శక సంవత్సరం 1346 క్రోధి నుండి దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు సంకీర్తన రచన సాగినదనీ అది తెలుపుతున్నది. దానినిబట్టి క్రీ.శ. 1408, 1503 అనే జనన నిర్యాణ సంవత్సరాలు ఏర్పడుతున్నాయి. ద్విపద, రేకు, సంకీర్తనలోని అంతస్సాక్ష్యం పరస్పరం కలిసిన చోట అన్నమయ్య జీవితం చరిత్రగా స్థిరపడింది. క్రీడాభిరామంలోను, నాగబులోను రాని అన్న ఇక్కడ వచ్చాడు.

శాస్త్రిగారి అంతర్ముఖత్వానికి మరొక పార్శ్వం ఉన్నది. కుంభకోణానికి చెందిన మాస్టరు సి.వి.వి. గారి యోగమార్గాన్ని ఆయన అనుసరించారు. రోగపీడితులకు యోగంతో ఉపశమనం కలిగించడానికి పూనుకొన్నారు. ఈ అనుభవాలను ప్రజ్ఞాప్రభాకరంలో వివరించారు. అక్కడ అనుభవించినవాని మనస్సే సాక్షి. పాఠపరిష్కరణలో అట్లు కాదు. గ్రంథం అందరి సొత్తు గనుక, ఒకరి హృదయానికి తోచినది ఇతరుల బుద్ధికి అందేటట్లు నిరూపించాలి. ఆత్మతుష్టికి మనువు చివరి స్థానం ఇవ్వడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది.

1950 ఆగస్టు 29న శాస్త్రిగారు తిరుపతిలో పరమపదించారు. వారి పేర తిరుపతిలో దేవస్థానాలవారి ఆధ్వర్యంలో వాఙ్మయపీఠం ఏర్పడింది. వారి నిర్ణయాలలో కొన్ని స్థిరపడ్డాయి, కొన్ని వివాదగ్రస్తములై నిలిచాయి. నిలిచిన వివాదాలు సైతం ఉపయోగకరములే. ఆయన తన స్ఫురణతో పాటు దానికి ఆధారమైన అక్షరాలను, పద్యాలను లోకం ముందు ఉంచినందువల్లనే తరువాతివారు వాటిని పరీక్షింపగలిగారు. దశాబ్దాల గ్రంథపరిచయంతో సంస్కృతమైన మనస్సుకు తోచినదానిని ఉపేక్షించరాదు. ఎక్కడ వెదకవలెనో అది చెబుతుంది. ఏమి దొరికినదో చెప్పవలసినవి మాత్రం తాళపత్రం, శిల, రాగిరేకు.