అగ్గిపుల్ల కాలితే జీతం కోత

అనీబిసెంట్ పేరు చెప్పగానే మనకు అడయారు, హోంరూలు, మదనపల్లెలో 1915లో మొదలైన కాలేజీ గుర్తొస్తాయి. ఇండియాకి రాకముందు ఆవిడ లండన్‌లో చేసిన ఓ పని నాకు వీటన్నిటికంటే ఇష్టం.

1847లో అక్కడే పుట్టారు. ఇరవయ్యో ఏట ఓ చర్చి ఫాదరుతో పెళ్లి, ఇద్దరు పిల్లలు. మతం దగ్గర పేచీ వచ్చి 1873లో విడిపోయారు. సంతాన నియంత్రణ పుస్తకం వేసినందుకు 1877లో కేసు, మరుసటేడు కోర్టు కూతుర్ని కూడా ఆవిణ్ణించి తీసేసుకుంది. ఇన్ని పడ్డాక మరొకరయితే గుమ్మం దాటేవారు కారేమో.

1888 జూన్‌లో తూర్పు లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల్ని కూర్చోబెట్టి జీతాల లెక్క అడిగారు. పదహారేళ్ల పిల్లకి వారానికి నాలుగు షిల్లింగులు. అందులోనే కోతలు! కాళ్లు మురికైతే మూడు పెన్నీలు, ఆలస్యమైతే ఐదు, బల్లమీద కాలిన పుల్లలుంటే ఏకంగా షిల్లింగు. రంగులకీ, బ్రష్షులకీ వాళ్ల డబ్బే. వేళ్లు తెగకుండా కాపాడుకోబోయి మెషిన్‌కి పట్టీ చుట్టుకోనిచ్చిన పిల్లకీ షిల్లింగు జరిమానా. వేళ్లకంటే మెషినే ముఖ్యమన్నమాట. అంతకుముందు ఏడాది వాటాదార్లకు 23 శాతం డివిడెండు పంచిన కంపెనీ అది.

జూన్ 23న తన పత్రిక 'ది లింక్'లో అంతా రాసేశారు. అదంతా అబద్ధమని సంతకాలు పెట్టమంది కంపెనీ. పిల్లలు పెట్టలేదు. ఒకమ్మాయిని పనిలోంచి తీసేసేసరికి సుమారు 1400 మంది బయటికొచ్చేశారు. సమ్మె చెయ్యమని ఆవిడ చెప్పలేదు, ఆ తెగువ పూర్తిగా ఆ పిల్లలదే. చందాలు పోగుచేయడం, వాళ్లని పార్లమెంటు దాకా తీసుకెళ్లడం ఆవిడ వంతు. రెండువారాలు తిరక్కుండా జరిమానాలు, కోతలు రద్దయ్యాయి. పిల్లలు పెట్టుకున్న సంఘానికి ఆవిడే తొలి కార్యదర్శి. దవడ ఎముకని పుచ్చబెట్టే తెల్ల భాస్వరం వాడకం మాత్రం అప్పుడు ఆగలేదు.

మన హోటళ్లలో గ్లాసు పగిలినా, తిన్నవాడు బిల్లు కట్టకుండా జారుకున్నా సర్వరు జీతంలో పట్టుకుంటారని వింటూనే ఉంటాం కదా! 1936 నాటి వేతన చెల్లింపు చట్టమైనా, 2019లో చేసిన వేతనాల కోడ్ అయినా దీనికి హద్దు పెట్టాయి. నష్టం ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగుండాలి, ముందు అతని సంజాయిషీ వినాలి, నష్టానికి మించి పైసా కొయ్యకూడదు. సర్వర్లలో ఎంతమందికి తెలుసో ఈ సంగతి!

అనీబిసెంట్ 1893లో మన దేశం వచ్చారు. 1917లో నిర్బంధంలో ఉండి బయటికొచ్చాక, అదే ఏడు కాంగ్రెసుకి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూశారు.