మోక్షగుండము విశ్వేశ్వరయ్య

చిత్తూరు జిల్లాలోని రామకుప్పము ప్రాంతమున పాలారు అను నది కలదు. సంవత్సరములో పెక్కు నెలలు దానియందు ఇసుకయే కాని నీరు కానరాదు. వాన కురిసిన నాలుగు నాళ్లు ఎఱ్ఱని నీటితో పారి, మరల ఎండిపోవును. అయినను ఆ నాలుగు నాళ్ల పారుదలవలననే బావులలో నీరు ఊరును. చెరువుల క్రింది మళ్లు, మల్బరి తోటలు పచ్చగా నుండును. ఈ నది కర్ణాటకములోని నంది కొండల చెంత పుట్టి, ఆ రాష్ట్రమున 93 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశమున 33 కిలోమీటర్లు, తమిళనాడున 222 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని నదులును ఆ కొండల ప్రాంతమునుండియే బయలుదేరి తెలుగుసీమకు వచ్చుచున్నవి. ఇన్ని నదులకు పుట్టినిల్లైన ఆ కొండల క్రిందనే, ముద్దేనహళ్లి అను చిన్న గ్రామమున, 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి.

మోక్షగుండము వారి యింటిపేరు. ఆ పేరుగల గ్రామము తెలుగుసీమలో కలదు. వారి పూర్వులు అచటినుండి మైసూరు రాజ్యమునకు వలస పోయిన తెలుగువారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. విద్యాధనమే కాని వేఱు ధనము లేనివారు. విశ్వేశ్వరయ్య చిన్నతనముననే తండ్రిని గోల్పోయెను. చిక్కబళ్లాపురమున ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చేరెను. ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, వచ్చిన దానితో పొట్ట పోసికొని చదివెను. పట్టపరీక్షలో గెలుపొందిన పిదప మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో పూనా నగరమునకు పోయి, ఇంజనీరింగు పరీక్షలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. 1884లో బొంబాయి ప్రభుత్వమువారి కొలువున అసిస్టెంటు ఇంజనీరుగా ప్రవేశించెను.

బొంబాయి రాజధానిలో ఆయన చేసిన పనులు చాల కలవు. వానిలో నీరా కాలువ విషయము మన కథకు ముఖ్యమైనది. ఆ కాలువ వర్షము తక్కువగల దక్కను మెట్టలగుండ పారును. కాలువ మొదట నున్న రైతులు కావలసినంత నీరు పెట్టి చెఱకు పండించుచుండిరి. చివరనున్న ఊళ్లకు నీరందకుండెను. ఒకే కాలువక్రింద ఒకరికి సిరి, మరొకరికి కఱవు. 1899 ప్రాంతమున విశ్వేశ్వరయ్యగారు దీనికొక పద్ధతి కనిపెట్టిరి. కాలువక్రింది భూమిని చిన్న చిన్న ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున ఒక భాగము చెఱకు, ఒక భాగము వరి, ఒక భాగము మెట్టపైరు వేయవలెననియు, ఏటేట ఆ భాగములు మారుచుండవలెననియు నిర్ణయించిరి. నీరు కొందఱి సొత్తుగాక పెక్కు గ్రామములకు పంచబడవలెనన్నదే దీని సారము. చెఱకు రైతులు దీనిని సహింపలేదు. పత్రికలు విమర్శించెను. ఆయన పల్లెలకు పోయి, సభలు జరిపి, లెక్కలు చూపి, వారిని ఒప్పించెను. నీటి తగవులతో ఆయనకు తొలి పరిచయ మిదియే. కాలువ త్రవ్వుటకంటె, త్రవ్విన కాలువలోని నీటిని పంచుటయే కష్టమని ఆయనకు నాడే తెలిసియుండును.

పూనాకు సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో ఆయన తాము కల్పించిన తలుపులను అమర్చిరి. వరద హెచ్చినపుడు అవి తమంత తామే తెఱచుకొనును; తగ్గినపుడు మూసికొనును. కట్టను పెంచకయే ఎక్కువ నీరు నిలుపుటకు ఇవి తోడ్పడినవి. 1908లో ఆయన ఆ కొలువునుండి విరమించిరి. ఆ సంవత్సరముననే సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలమందిని పొట్టబెట్టుకొనెను. నైజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. నగరమునకు ఎగువను జలాశయములు కట్టి వరదను అచటనే ఆపవలెనని ఆయన సలహా యిచ్చిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి.

1909 చివర మైసూరు మహారాజు కృష్ణరాజ ఒడయరు ఆయనను ప్రధాన ఇంజనీరుగా పిలిపించెను. స్వదేశమునకు వచ్చిన ఆయన యెదుట ఒక పాత కాగితము నిలిచెను. అదియే 1892వ సంవత్సరపు ఒడంబడిక.

ఆ ఒడంబడిక యెట్టిదో కొంచెము చెప్పవలెను. దక్షిణదేశపు నదులు పెక్కు మైసూరున పుట్టి మదరాసు రాజధానిలోనికి పారుచుండెను. ఎగువవారు చెరువులు, ఆనకట్టలు కట్టుచు పోయినచో తమ ఆయకట్టుల గతి యేమగునని మదరాసు ప్రభుత్వమునకు భయము కలిగెను. ఇరు ప్రభుత్వములును మాటలాడుకొని నియమములు వ్రాసికొనిరి. పట్టికలో చేరిన 15 ప్రధాన నదులపై మదరాసు అనుమతి లేక మైసూరు క్రొత్త కట్టడములు కట్టరాదు. తమకు పూర్వమునుండి వచ్చుచున్న నీటిహక్కును కాపాడుకొనుటకు తప్ప మదరాసు అనుమతిని నిరాకరింపరాదు. తగవు వచ్చినచో మధ్యవర్తులు తీర్చవలెను. ఆ పట్టికలో కావేరి, తుంగభద్రలతోపాటు పెన్న, చిత్రావతి, పాపాఘ్ని, పాలారు కూడ కలవు. రామకుప్పము ఆనాడు మదరాసు రాజధానిలోనిది. కావున ఆ ఒడంబడిక రామకుప్పపు రైతు పక్షముననే యుండెను. ముద్దేనహళ్లి రైతుకు అది సంకెలగా తోచియుండును. ఒకే నియమము, ఒకే నది. నిలిచిన చోటునుబట్టి న్యాయము వేఱుగా కనిపించును.

విశ్వేశ్వరయ్యగారు కావేరిపై కన్నంబాడి గ్రామమువద్ద పెద్ద ఆనకట్ట తలపెట్టిరి. అందుకు రెండు కారణములు కలవు. మొదటిది, మండ్య ప్రాంతపు ఎండుభూములు. రెండవది, కోలారు బంగారు గనులు. ఈ గనులు మన కుప్పమునకు ఎంతో దూరమున లేవు. 1902 నుండి శివసముద్రపు జలపాతమువద్ద పుట్టిన విద్యుత్తు సుమారు 150 కిలోమీటర్లు తీగెలపై నడచి ఆ గనులకు చేరుచుండెను. వేసవిలో కావేరి సన్నగిల్లినప్పుడు యంత్రములు తడబడుచుండెను. నీరు నిలువ చేయక గత్యంతరము లేదు. మైసూరు ఆర్థికశాఖవారు ఖర్చునకు వెఱచి మొదట వెనుకాడిరి. విశ్వేశ్వరయ్యగారు పట్టు విడువలేదు. 1911లో మహారాజు అనుమతి లభించి పని మొదలయ్యెను.

మదరాసు ప్రభుత్వము అంగీకరింపలేదు. ఇందు వారిని నిందించుట తగదు. కావేరి దిగువన తంజావూరు డెల్టాలో దాదాపు పది లక్షల ఎకరముల వరిపొలము ఆ నదినే నమ్ముకొని యుండెను. చోళరాజుల కాలమునుండి కల్లణై ఆనకట్టక్రింద ఆ పొలములు పండుచున్నవి. అచటి రైతు తాతముత్తాతలనాటినుండి పారుచున్న నీటిని, ఎగువనున్నవాడు క్రొత్తగా తలుపులు వేసి ఆపుదునన్న, ఎట్లు ఊరకుండును? మైసూరు వాదము వేఱు. నది తమ రాజ్యమున పుట్టినది. తమ నేలపై కురిసిన వాననీరే అందు పారుచున్నది. వరదకాలమున మితిలేని నీరు సముద్రమున కలియుచుండగా తమ రైతులు ఆకలితో ఏల మాడవలెనని వారనిరి. ఈ రెండు వాదములును సత్యములే. అందువలననే ఆ తగవు అంత కఠినమయ్యెను.

మైసూరువారు కోరినది 4150 కోట్ల ఘనపుటడుగుల జలాశయము. నూరు కోట్ల ఘనపుటడుగులనే నేడు ఒక టి.యం.సి. అనుచున్నారు. మదరాసువారు 1100 కోట్లకు మాత్రము సమ్మతించిరి. ఇచటనే విశ్వేశ్వరయ్యగారి సాహసము కనబడును. అనుమతి చిన్న ఆనకట్టకే లభించినను, పెద్ద ఆనకట్టకు చాలునంత వెడల్పుగా ఆయన పునాది వేయించిరి. చిన్న పునాదిపై తరువాత పెద్ద గోడ లేపుట సాధ్యము కాదు. చిన్నదానితో మొదలిడినచో మైసూరు ఎన్నటికిని చిన్నదానితోనే తృప్తి పడవలసివచ్చును. ఇంజనీరుగా ఆ యోచన సరియైనదే. కాని దిగువవారికది ఒప్పుకొన్న మాటను దాటుటగా కనిపించెను. వారి ఆక్షేపణ తీవ్రమయ్యెను.

తగవు మధ్యవర్తి యెదుటికి వచ్చెను. అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి గ్రిఫిన్ దొరను భారత ప్రభుత్వము నియమించెను. నీటిపారుదలశాఖకు చెందిన నెదర్‌సోల్ దొర ఆయనకు సహాయుడు. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానులై యుండిరి. 1912లో ఆ పదవి ఆయనకు లభించెను. న్యాయస్థానములలో సాక్షులు మాటలాడుదురు. ఇచట నది యొడ్డున పాతిన కొలబద్దలు మాటలాడెను. ఏ నెలలో ఏ రోజున ఎంత నీరు పారినది, ఆనకట్టమీద ఎన్ని అడుగులు నిలిచినది, ఎంత వృథాగా పోయినది అను లెక్కలపైననే వాదము నడచెను. 1914 మే నెలలో తీర్పు వెలువడెను. దిగువనున్న ఆనకట్టవద్ద నీటిమట్టము నిర్ణయించిన గుర్తుకు చేరునంత నీరు విడిచి, అంతకు మించినదానిని మైసూరు నిలుపుకొనవచ్చునన్నది దాని తాత్పర్యము. పెద్ద ఆనకట్టకు దారి ఏర్పడినట్లయ్యెను. మదరాసువారు ఈ తీర్పునకు లోబడక లండనులోని రాజ్యకార్యదర్శికి మొరపెట్టుకొనిరి. అచట ఆ తీర్పు నిలువలేదు. సంప్రదింపులు మరల మొదటికి వచ్చెను.

ఈలోపల కన్నంబాడిలో పని ఆగలేదు. సిమెంటుకు బదులు ఇటుకపొడియు సున్నమును కలిపిన సుర్కీతో రాతిగోడ లేచెను. వేలాది కూలీలు వరదలను, చలిజ్వరములను ఓర్చి పని చేసిరి. నీరు పెరిగినకొలది కన్నంబాడియు, మరికొన్ని ఊళ్లును మునిగిపోయెను. ఆ ఊరి వేణుగోపాలస్వామి ఆలయము కూడ నీటిలో చేరెను. ఇల్లు వాకిలి విడిచిన ఆ జనుల పేళ్లు ఏ శిలాఫలకమునను చదువబోము. ఆనకట్ట కథలో వారి పాలును కొంత కలదు.

1918 చివర ప్రభుత్వోద్యోగముల పంపకము విషయమున మహారాజుతో అభిప్రాయభేదము కలిగి విశ్వేశ్వరయ్యగారు దివానుపదవిని వదలిరి. ఆనకట్టను మాత్రము ఆయన మరువలేదు. 1924 ఫిబ్రవరి 18వ తేదీన మదరాసు, మైసూరు ప్రభుత్వములు క్రొత్త ఒడంబడికపై సంతకములు చేసెను. మైసూరు తన పెద్ద జలాశయము కట్టుకొని 1,25,000 ఎకరములు క్రొత్తగా సాగుచేసికొనవచ్చును. మదరాసు మెట్టూరువద్ద 9350 కోట్ల ఘనపుటడుగుల జలాశయము కట్టి 3,01,000 ఎకరములు సాగుచేసికొనవచ్చును. ఏబది సంవత్సరములు గడచిన పిదప కొన్ని విషయములను పునఃపరిశీలింపవలెను. ఇరువురును తమకు వచ్చిన దానికన్న రాని దానినే తలచుకొనుచు ఇంటికి పోయిరని చెప్పవచ్చును. తగవులు తీరుటయన్న పెక్కుసారు లిట్లే యుండును. కృష్ణరాజసాగరము 1932 నాటికి పూర్తియయ్యెను. మెట్టూరు ఆనకట్ట 1934లో పూర్తియయ్యెను. మండ్యసీమలో చెఱకు, వరి పండెను. ఆ భూములకు నీరు తెచ్చు కాలువకు తరువాత విశ్వేశ్వరయ్యగారి పేరే పెట్టిరి.

ఆయన దీర్ఘాయువు. తొంబది యేండ్ల వయస్సునను గంగానదిపై వంతెనకు తగిన తావు వెదకు సంఘమునకు అధ్యక్షులై తిరిగిరి. 1955లో భారతరత్న బిరుదము వారిని వరించెను. నూరేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిలులో బెంగుళూరున తనువు చాలించిరి. వారి సమాధి ముద్దేనహళ్లిలో, నంది కొండల నీడను కలదు. వారి జన్మదినమును దేశమంతటను ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

1924 ఒడంబడికకు 1974లో ఏబదియేండ్లు నిండెను. కావేరి తగవు మరల రగిలెను. 1990లో న్యాయమండలి ఏర్పడి 2007లో తీర్పు చెప్పెను. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొంత సవరించుచు, పలు రాష్ట్రములగుండ పారు నది జాతిసంపద యనియు, దానిపై ఏ యొక్క రాష్ట్రమునకును సంపూర్ణ స్వామ్యము లేదనియు నిర్ణయించెను.

పాలారు సంగతి ఇంకను చిత్రమైనది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా మదరాసునుండి విడివడెను. అంతవరకు కుప్పము, రామకుప్పము దిగువవారి రాజ్యములోనివి. ఆనాటినుండి అవి ఎగువరాష్ట్రపు గ్రామములైనవి. కుప్పము సమీపమున పాలారుపై ఆనకట్ట కట్టవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తలపెట్టగా, 2006లో తమిళనాడు సుప్రీంకోర్టున దావా వేసెను. అందు తమిళనాడు చేతబట్టిన ఆధారము 1892వ సంవత్సరపు ఒడంబడికయే.